బ్యాగు ముందుకు తిప్పుకో!

ముంబైలో, డోంబివలి మీదుగా సీయెస్టీ పోయే పొద్దుటి ఫాస్ట్ లోకల్ రైలు, ఆడవాళ్ల పెట్టె. ఇక్కడ పెద్దవాళ్లంతా 'తాయీ'లే, అంటే అక్కలే. డోంబివలిలో కేతకి ఎక్కలేదు, వెనకవాళ్లు ఎక్కించారు.

"ఏయ్, బ్యాగు! బ్యాగు ముందుకు తిప్పుకో! నీ వీపు మీద కొండంత మూట ఉంటే నా ముక్కు ఎక్కడ పెట్టుకోను?"

"సారీ అండీ, కాస్త సర్దుకోండి."

"సర్దుకోడానికి ఇదేమన్నా మా పుట్టిల్లా? అందరం పొట్టకి కట్టుకోలేదూ? నీకేంటంట ప్రత్యేకం?"

"కేతకీ! ఇటు రావే, కిటికీ దగ్గరకి. ఆవిడ నోరు మూతపడాలంటే ఠాణేలో దిగిపోవాలి."

"వస్తున్నా ఇందూతాయీ... అమ్మా, కాస్త దారి... ఆఁ. ఇక్కడ బానే ఉంది, నిలబడతా."

"నిలబడు, ఎవరొద్దన్నారు. బ్యాగు మాత్రం ముందుకి వేసుకో. వీపున ఉంటే దొంగకి మనమే జిప్పు తీసి ఇచ్చినట్టు."

"ఏముందిలే తాయీ అందులో. డబ్బా, గొడుగు, లాప్‌టాప్."

"లాప్‌టాప్‌ని గొడుగు తర్వాత చెప్తోంది, విన్నావా నళినీ?"

"విన్నా తాయీ. చేతులే బఠాణీలు ఒలుస్తున్నాయి, చెవులు ఖాళీనే. మొన్నటిదాకా ఈ బ్యాగుని గుండెకి కరుచుకుని వచ్చేది కదా ఈ పిల్ల?"

"అదీ... పట్టీ తెగింది నళినీతాయీ."

"తెగిన పట్టీ వీపు మీదకి పోగానే అతుక్కుందా?"

"తెగలేదులే. వదులైంది."

"పోయిన నెలేగా, ఇది ఏనుగు తొక్కినా చిరగదు, వానకి తడవదు, ఆఫీసుకీ ఇదే అలీబాగ్ షికారుకీ ఇదేనని మా అందరి చేతా పట్టీలు లాగించావు?"

"అబ్బా, నడుం నొప్పి తాయీ! బరువు వెనక ఉండాలన్నాడు డాక్టరు."

"ఏ డాక్టరు?"

"ఉన్నాడులే, స్టేషన్ దగ్గర."

"స్టేషన్ దగ్గరున్నది పళ్ల డాక్టరు."

"ఇంకొకాయన కూడా ఉన్నాడు!"

"ఉంటే ఉన్నాడులే. ఇదిగో, సీటు మీంచి నా పర్సు తీశా. కూర్చో."

"వద్దు తాయీ! ఎవరైనా పెద్దవాళ్లని..."

"ఈ సీటు కోసం నళిని వెనక్కి కల్యాణ్ దాకా పోయి, అక్కణ్నుంచి కూర్చుని వచ్చింది. మర్యాదగా కూర్చో."

"నా కోసమా? నాకు నడుం నొప్పని నేనిప్పుడేగా చెప్పింది!"

"మాకు కల్లో కనపడిందిలే. కూర్చున్నావా? ఇప్పుడా బ్యాగు ఒళ్లో పెట్టుకో."

"తాయీ... కాస్త మీ ఒళ్లో పెట్టుకోరూ?"

"ఇలా తే. అమ్మో, రాళ్లు మోస్తున్నావా! ఎన్నో నెల?"

"బ్యాగా? పోయిన నెలేగా..."

"బ్యాగు కాదే తల్లీ."

"తాయీ, మెల్లగా!... మూడు."

"నేనేం చెప్పా నళినీ? నువ్వు నాలుగన్నావు. పందెం ఓడావు, పావ్‌భాజీ నువ్వే పెట్టించాలి."

"మీ ఇద్దరికీ దండం పెడతా, ఎవరికీ చెప్పకండి."

"అయ్యో పిల్లా! ముందే అనొచ్చు కదా, నేనంతలా అరిచేదాన్నా? నా ముక్కుకేమైంది, ఇంకో పక్కకి పెట్టుకునేదాన్ని."

"మీరూ విన్నారా! అండీ, మీరూ ఎవరికీ చెప్పకండి."

"ఎవరికి చెప్పను? నీ పేరే తెలీదు నాకు."

"ఆవిడ్ని వదిలెయ్యి. ఇంట్లో చెప్పావా?"

"చెప్తే ఇంకేముంది తాయీ! మా అత్తగారు రేపట్నుంచి లోకల్ ఎక్కనివ్వరు. ఈ ఉద్యోగం కోసం రెండేళ్లు చెప్పులరిగేలా తిరిగా. వచ్చే నెల పర్మనెంట్ చేస్తారు. అది చేతికొచ్చాక నేనే దూద్‌పేడాలు పంచుతా. అప్పుడు ఆపమనండి చూద్దాం."

"మరి మీ ఆయన?"

"సుహాస్‌కి అసలే చెప్పకూడదు. నేను తుమ్మితే ఆవిరి గిన్నె పట్టుకొచ్చే మనిషి. ఇది తెలిస్తే నన్ను దూదిలో పెట్టి బీరువాలో దాస్తాడు."

"ఏమాత్రం పసిగట్టలేదా?"

"సుహాసా! వేసవిలో హాల్లో గోడకి రంగు మారిస్తే దీపావళికి కనిపెట్టాడు. పొద్దున బండి మీద స్టేషన్లో దింపుతాడు, టాటా చెప్తాడు, పోతాడు. అంతకుమించి ఏదీ ఆయన కంట్లో పడదు."

"పాపం, అమాయకుడు."

"ఎందుకు నవ్వుతున్నారు నళినీతాయీ?"

"నవ్వట్లేదే. బఠాణీలో పురుగు."

"పురుగుని చూసి నవ్వుతారా? ఇందూతాయీ, మీరు కూడానా! ఏంటో చెప్పండి."

"ఏం లేదు. ఊపిరి పీల్చుకో, ఘాట్కోపర్ వస్తోంది, సగం మంది దిగిపోతారు."

"చెప్పేయ్ తాయీ, పాపం."

"ఒట్టేశాం కదే నళినీ."

"వేసింది నువ్వు. నేనప్పుడు బఠాణీలు బేరమాడుతున్నా."

"ఏం ఒట్టు? ఎవరికేశారు?"

"ఒట్టు వేసింది నేనేలే, కానీ నా నోటికి గడియ పడదని తెలిసీ నాతో చెప్పాడు చూడు, అది ఆయన తప్పు. సోమవారం నువ్వు సెలవు పెట్టావే, ఆ రోజు మీ సుహాస్ మా కిటికీ దగ్గరకి పరుగెత్తుకొచ్చి చేతులు జోడించాడే పిల్లా. 'వారం నుంచి మా కేతకి కడుపుకి తగలకూడదని బ్యాగు వీపుకి వేసుకుంటోంది తాయీ. ఉద్యోగం మాన్పిస్తానని భయపడుతున్నట్టుంది. తనంతట తను చెప్పేదాకా నేనడగను, అమ్మకి అనుమానం రానివ్వను. మీరు రోజూ ఒక్క సీటు పట్టి ఉంచండి చాలు' అన్నాడు."