బోగదాను కదిలించిన గేరు

గాజులపల్లె దగ్గర ఉరుకుందమ్మ టీ కొట్టు. బండల వ్యాపారి భూపేష్ ట్రాలీ లాగడానికి కొత్త పికప్పు కొంటున్నాడు. గేర్లదా, ఆటోమేటిక్కా అన్నది టీ తాగేలోపు తేల్చి షోరూముకు ఫోన్ చేయాలి. అతని పాత డ్రైవరు సుబ్బయ్యకు అదే బెంగ. ఆటోమేటిక్ వస్తే భూపేష్ కూతురు హర్షిణే నడిపేసుకుంటుంది, ఇక తనతో పనేముంది?

"భూపేషప్పా, గేరు లేంది ఒక బండేనా? ఇను. పోయిన శివరాత్రి ముందర మన పాత జీపుకు ట్రాలీ తగిలించి, నిండా బండలేసుకోని నల్లమల ఘాటు ఎక్కుతాండా. ఫస్టు గేరు, క్లచ్చు మీద బొటనేలు ఆనించినా అంతే. ముందర సిమెంటు లారీ ఎక్కలేక నిలబడిండాది. పాపమని ఎనక తగిలించుకున్నా."

"ముందరుండే లారీ ఎనక్కెట్లొచ్చె?" అన్నాడు పంచర్లేసే ఓబుళేశు.

"దాటుకోనిపోయి తగిలించినాలేప్పా, అడ్డం రావద్దు. రెండు మలుపులు పోతానే గిద్దలూరు బస్సు. నిండా పెళ్లోళ్లు. ముహూర్తం దాటిపోతాదని పెళ్లికూతురు కిటికీలోంచి నా దిక్కే చూస్తాండాది. దాన్నీ తగిలించుకున్నా. జీపు సెకండు గేరు అడిగింది, ఇచ్చినా. ఆ తర్వాత ఏమైందో తెల్సా? రైలు బోగదా ఉండాదే, కొండలో సొరంగం, దాంట్లో గూడ్సు బండి ఇరుక్కోనుండాది."

"దాన్నీనా మామా?" భూపేష్ నవ్వు ఆపుకున్నాడు.

"మనం ఉండి అట్ల వదిలేస్తామా? గొలుసేసి థర్డులో లాగితే రైలొచ్చె, రైలెంబడి బోగదా గూడా ఊడొచ్చె. కొండకు ఏం బాగుంటాదని రివర్సేసి మళ్లా దాని తావులోకి నెట్టినా. నీ ఆటోమేటిక్కులో రివర్సుంటాదా?"

"ఉంటాది మామా."

"బోగదాను నెట్టే రివర్సు ఉంటాదా అంటాండా."

గ్లాసులు కడుగుతున్న ఉరుకుందమ్మ తలెత్తలేదు. "సుబ్బయ్యన్నా, ఘాటు మొదలయ్యే కాడనే నీ క్లచ్చు కాలిపాయ. ఆ వాసన ఈడికొచ్చె. మహానంది తిరునాళ్లకు బండలాగుడు పందేనికి పోతాండే మా ఎద్దుల్ని కట్టి, మా ఆయప్ప నీ జీపును ఈ కొట్టు కాడికి లాక్కొచ్చె. వాటికి గేర్లు యాడుండాయి? లాగలేదా?"

ఓబుళేశు నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. భూపేష్ ఫోన్ తీసి ఆటోమేటిక్కే పంపమన్నాడు.

సుబ్బయ్య గ్లాసులోకి చూస్తూ, "ఇంక నన్నెవరు పిలుస్తారప్పా," అన్నాడు మెల్లగా. ఈసారి అందులో కోతలు లేవు.

"హర్షిణికి ఘాటులో మలుపులు ఎవరు నేర్పిస్తారు మామా? తాళాలు నీ కాడనే ఉంటాయి. ఎడమకాలు మోకాలు నొప్పంటాంటివి గదా, దానికి విశ్రాంతి ఇయ్యి."

సుబ్బయ్య మొహం విప్పారింది. మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "నేనూ అదే చెప్దామనుకుంటాంటి. అసలు ఆ పొద్దు ఎద్దుల్ని తోలింది ఈయమ్మ మొగుడు శాంతయ్య గాదు, నేను. సెకండు గేరులో తోలినా."

"అందుకేనా అన్నా," అంది ఉరుకుందమ్మ, "పందెంలో అవి రివర్సు పోయినాయి."