‘వీ’ అంటే ఎవరెవరు?

సింగానల్లూరు మిల్లులో పగటి షిఫ్టు ముగించుకొని వచ్చిన అక్క, తాను మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషుతో తమ్ముణ్ణి గుమాస్తా పరీక్షకు సిద్ధం చేస్తోంది. నెగ్గితే వాడికి మధురై మిల్లులో ఉద్యోగం. పెళ్ళాంతో కాపురం అక్కడికే. పెంచిన తననూ రమ్మంటాడో లేదో, వాడు ఇంతవరకు చెప్పలేదు.

“‘గో’కు పాస్ట్ టెన్సు ఏమిరా?”

“గోయెడ్.”

“నీ మొగము! ‘వెంట్’ రా. పరీక్ష పెట్టే దొర నవ్వి తరిమేస్తాడు.”

“నువ్వు నవ్వకుంటే చాలక్కా.”

“సరి, ‘విల్’ పెట్టి ఒక వాక్యం చెప్పు.”

“వీ విల్ లివ్ ఇన్ మధురై.”

ఆమె గుండె ఒక్కసారిగా తేలికపడింది.

“బాగుండాదిరా. ‘వీ’ అంటే ఎవరెవరు?”

“ఇదేమి కేళ్వి అక్కా, ఇట్లా అడుగుతావు? ఇంగ్లీషులో అందరికీ అదొకటే మాట గదా!”

“ఇంగ్లీషులో ఒకటే. మనింటి మాటలో రెండుండాయే. దాన్నే తెలుగులో చెప్పు, విందాము.”

వాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

“మేము మధురైలో ఉంటాము.”

ఆమె వాడి చేతిలోని పుస్తకం మెల్లగా మూసింది.

“ఏమక్కా, తప్పా?”

“లేదురా తమ్ముడా. తప్పేమీ లేదు. పాసైపోతావు.”