బాయిలరు మేస్త్రిగారు చెప్పిన సాక్ష్యం

1991వ సంవత్సరం జూలై నెల ఒకటో తేదీ ఉదయం ఆరున్నర గంటలకు, ఆసుపత్రుల దుప్పట్లూ గౌన్లూ ఉతికి ఇస్త్రీ చేసి పంపే మన లాండ్రీలో, బాయిలరు గది సహాయకులుగా ఇరవై ఆరేళ్ల వయసులో అడుగుపెట్టిన మన మేస్త్రిగారు, ముప్పై నాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికను వెలువరిస్తున్నది యాజమాన్యం కాదు, మన ఉద్యోగుల సంఘం. వారిని గురించి రాయమని సంఘం కోరింది ఇస్త్రీ విభాగంలో ఆవిరికి కాలిపోయి, ప్రస్తుతం చీటీలు అంటించే బల్ల దగ్గర కూర్చుంటున్న మనిషిని. ఆ మనిషే ఈ వ్యాసకర్త. కనుక రాయవలసింది దాచకుండా రాయడమే వారికి చేయగలిగిన మర్యాద.

మొదటి అయిదేళ్లు వారు బొగ్గు ఎత్తారు, బూడిద తోడారు, పెద్ద మేస్త్రి చేత తిట్లు తిన్నారు. పగలంతా బాయిలరు ముందు చెమటోడ్చి, సాయంత్రాలు చదువుకుని, రెండో ప్రయత్నంలో బాయిలరు పరీక్ష ఉత్తీర్ణులయ్యారు. మొదటిసారి ఎందుకు తప్పారని ఎవరైనా అడిగితే, "చదవలేదు కాబట్టి" అనేవారే తప్ప ప్రశ్నపత్రాన్ని నిందించేవారు కారు. 1997లో మేస్త్రి అయిన నాటి నుంచి లాండ్రీ మొత్తానికీ ఆయన బాబాయే. బాయిలరుకు జలుబు చేసినా బాబాయికి తెలిసిపోతుందని మనమంతా నవ్వుకునేవాళ్లం.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి ఇక్కడ స్మరణీయం. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడుందో గంటగంటకూ పుస్తకంలో రాయాలి. ఒక మధ్యాహ్నం మూడు గంటల గడిలో అంకెకు బదులు "భోజనం చేశాక కునుకు పట్టింది, ముల్లు చూడలేదు" అని స్వహస్తాలతో రాసి సంతకం పెట్టారు. మేనేజరు పిలిపించి, "రెండు గంటలకీ నాలుగు గంటలకీ ఒకటే అంకె ఉంది కదయ్యా, మధ్యలో కూడా అదే వేసేస్తే నీ సొమ్మేం పోయింది?" అని కేకలేశారు. "చూడంది ఎలా వేస్తానండీ?" అన్నారు వీరు, ఎంతో వినయంగా. ఆ నెల జీతంలో కోత పడింది. ఇంటికి వెళితే పిన్ని, అంటే వారి సతీమణి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశారట.

2011 మార్చిలో ఇస్త్రీ రోలరుకు ఆవిరి తెచ్చే గొట్టం అతుకు దగ్గర కారడం మొదలైంది. మేస్త్రిగారు ఫిర్యాదుల రిజిస్టరులో మూడుసార్లు రాశారు. ఆసుపత్రుల సరుకు ఆగకూడదు, ఆదివారం చూద్దామన్నారు పైవాళ్లు. పద్దెనిమిదో తేదీ ఉదయం ఏడున్నరకు వారు ఇస్త్రీ విభాగానికి వచ్చి, "ఆ అతుకు ఇంకా కారుతోందమ్మా, అటు నిలబడకు" అని ఈ వ్యాసకర్తతో చెప్పి వెళ్లారు. ఈమె తల ఊపింది. కానీ రోలరుకు దుప్పటి అందించాలంటే నిలబడేందుకు ఉన్నది ఆ చోటే. రెండోవైపు తడిబట్టల తోపుడుబళ్లు.

తొమ్మిదీ నలభైకి అతుకు ఊడింది. ముఖం కుడిభాగం, మెడ, కుడిచెయ్యి వేళ్ల చివరిదాకా. పరుగెత్తుకొచ్చి వాల్వు మూసింది మేస్త్రిగారే. సిరా తెమ్మని ఒకరూ, పళ్లపేస్టు పూయమని ఇంకొకరూ గోల చేస్తుంటే, జీవితంలో ఎన్నడూ గొంతు పెంచనివారు ఆ రోజు అరిచారు: "ఏమీ పూయొద్దు! నీళ్లు పొయ్యండి, ఆపకుండా పొయ్యండి!" ఆసుపత్రి బండి వచ్చేదాకా కుళాయి గొట్టం వారి చేతిలోనే ఉంది. కన్ను దక్కిందంటే ఆ నీళ్ల వల్లేనని తరువాత డాక్టరు చెప్పారు.

ఏడు నెలల ఆసుపత్రి, తొడ చర్మం తీసి మెడకు అతికిన నాలుగు శస్త్రచికిత్సలు, ఒకదానికొకటి అంటుకుపోయిన మూడు వేళ్లు. వీటన్నిటి తరువాత యాజమాన్యం నుంచి వచ్చినది ఒక ఉత్తరం. ప్రమాదానికి కారణం కార్మికురాలి అజాగ్రత్త అని అందులో ఉంది. అప్పుడు ఈ వ్యాసకర్త నష్టపరిహారానికి దావా వేసింది. ఫిర్యాదుల రిజిస్టరు అడిగితే కొత్తగా అట్ట వేసిన ఒక పుస్తకం కోర్టుకు వచ్చింది. అందులో మార్చి నెల అంతా తెల్లగా, ఏ ఫిర్యాదూ లేకుండా ఉంది. ఇక మిగిలింది మనిషి సాక్ష్యం. పక్కన పనిచేసినవారందరికీ పిల్లలున్నారు, ఇంటి అద్దెలున్నాయి. వారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. మేస్త్రిగారికీ ఇద్దరు పిల్లలున్నారు. వారు వస్తానన్నారు.

మేనేజరు పిలిచి, ఖాళీగా ఉన్న ఫోర్‌మన్ ఉద్యోగం సంగతి ఎత్తారట. "సంతోషమండీ. కోర్టులో అడిగినవి మాత్రం చెప్తాను" అన్నారట వీరు. ఆ ఉద్యోగం మరొకరికి వెళ్లింది.

సాక్ష్యానికి ముందు రోజు, ఈ దావా నడుపుతున్న ప్లీడరమ్మ తన గదిలో వారిని కూర్చోబెట్టి, పక్కనే ఈ వ్యాసకర్త ఉండగా, ఒక్కటే హెచ్చరించారు.

"ఆ పొద్దున మీరు ఈమెకు చెప్పిన మాట మీరంతట మీరు ఎత్తకండి."

"ఎత్తనమ్మా."

"వాళ్లు అడిగితే గుర్తులేదనండి. నాలుగేళ్ల కిందటి మాట. ఎవరూ తప్పుపట్టరు."

మేస్త్రిగారు మంచినీళ్లు అడిగి తాగారు.

మర్నాడు, అతుకు కారిందనీ, మూడుసార్లు రిజిస్టరులో రాశాననీ వారు నిబ్బరంగా చెప్పారు. న్యాయమూర్తి తల వంచి రాసుకోవడం చూసి ఈ వ్యాసకర్త కాలిన చేతిని కొంగులోంచి బయటకు తీసింది. ఇక దాచుకోనక్కర లేదనిపించింది. అంతలో యాజమాన్యం ప్లీడరు లేచారు.

"ప్రమాదమని మీకు అంత బాగా తెలిసినప్పుడు, ఆ అమ్మాయికి చెప్పకుండా ఎలా ఊరుకున్నారండీ?"

"ఊరుకోలేదండి. చెప్పాను."

"ఏమని?"

మేస్త్రిగారు ఈ వ్యాసకర్త వైపు చూశారు.

"అటు నిలబడకమ్మా అని."

"ఆమె విన్నదా?"

"విన్నదండి. తల ఊపింది."

"అయినా అక్కడే నిలబడింది."

"ఇంకెక్కడ నిలబడుతుందండీ? రెండో పక్కన బళ్లు..."

"అడిగినదానికి చెప్పండి. నిలబడిందా, లేదా?"

"నిలబడింది."

రోలరుకు ఎడమవైపు మనిషి నిలబడే చోటు చూపిస్తూ యాజమాన్యం ఒక నక్షా దాఖలు చేసింది. నక్షాలో తోపుడుబళ్లు ఉండవు. బళ్ల సంగతి చెప్పడానికి ఇంకెవరూ రాలేదు. అపాయం తెలిసి, హెచ్చరిక విని, సురక్షితమైన చోటు ఉండగా దాన్ని కాదని నిలబడినందున పరిహారానికి అర్హత లేదని 2016లో తీర్పు వచ్చింది. ఆ తీర్పులో మేస్త్రిగారిని నమ్మదగిన సాక్షి అని రెండుచోట్ల ప్రశంసించారు.

ఆ తరువాతి నెలలో వారిని బాయిలరు గది నుంచి గేటుకు మార్చారు. పంతొమ్మిదేళ్లు మేస్త్రిగా ఉన్నవారు, వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకుంటూ తొమ్మిదేళ్లు స్టూలు మీద కూర్చున్నారు. వారు ఆ గేటు దగ్గర పెట్టే నమస్కారానికి ఈ వ్యాసకర్త రెండు సంవత్సరాలు బదులివ్వలేదు. నిజం రాయాలంటే ఇది కూడా రాయాలి. జాకెట్టు గుండీ ఎడమచేత్తో పెట్టుకోవలసి వచ్చిన ప్రతి ఉదయమూ, గుర్తులేదు అనే ఒక్క మాట అంటే ఏం పోయేదని ఈమె వారిని తిట్టుకున్నది.

అప్పీలు వేశాక మేస్త్రిగారు ఎవరూ పిలవకుండానే వాయిదాలకు వచ్చేవారు. సెలవు పెట్టి, వరండాలో చివరి బల్ల మీద కూర్చుని, వాయిదా పడిందని తెలిశాక లేచి వెళ్లేవారు. మూడో ఏట ఒక రోజు పిన్ని ఈ వ్యాసకర్త ఇంటికి వచ్చి, గడపలోనే నిలబడి అన్నారు: "మీ బాబాయి అన్నం ముందు కూర్చుని ఎవరికో సమాధానాలు చెప్తున్నారమ్మా. 'నిలబడింది' అంటారు, ముద్ద కింద పెట్టేస్తారు. నువ్వొకసారి పలకరించు. తిట్టినా సరే." మర్నాడు గేటు దగ్గర ఈమె "ఏం బాబాయ్, తిన్నావా?" అన్నది. వారు లారీ నంబరు తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. అప్పటి నుంచి వాయిదాలకు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లారు.

ఈ ఏప్రిల్ ఇరవై రెండున అప్పీలు కొట్టేశారు. కింది కోర్టు తీర్పులో జోక్యానికి కారణం కనపడలేదన్నారు. ప్లీడరమ్మ కట్ట మూసి తాడు కట్టేశారు. కోర్టు మెట్ల మీద మేస్త్రిగారు అడిగారు.

"ఇంకో చోటికి వెళ్లలేమా అమ్మా?"

"లేదు బాబాయ్. అయిపోయింది."

రెండు మెట్లు దిగి ఆగారు. "గుర్తులేదని అనాల్సిందా నేను?"

బస్సు వచ్చింది. ఎక్కాం.

అనాల్సిందని ఈ వ్యాసకర్త అనలేదు. అలా అన్నవారైతే వారు మన బాబాయి అయ్యేవారు కారు. అనక్కర్లేదనీ అనలేదు. అలా అనడానికి ఈ చెయ్యి ఒప్పుకోవడం లేదు. ఈ కాగితాల ముందు నాలుగు రోజులు కూర్చున్నా ఏదో ఒకటి తేల్చడం ఈమె వల్ల కాలేదు.

నిష్కల్మష హృదయులు, విధి నిర్వహణలో అలసట ఎరుగనివారు అయిన మన మేస్త్రిగారికి, వారి సహధర్మచారిణికి, ఇకమీదట ఏ గంటకూ లేచి ఏ ముల్లూ చూడనక్కరలేని విశ్రాంతి, తృప్తిగా భోంచేయగల ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయువు చేకూరాలని సంఘం తరఫున మనసారా కోరుకుంటున్నాం. వారు అడిగిన దానికి జవాబు చెప్పడానికి ఈ వ్యాసకర్తకు ఇంకా చాలా కాలం పట్టేలా ఉంది. అంతకాలమూ వారు ఉండాలి.