తొమ్మిదో ఫోను

మధ్యాహ్నం రెండు గంటలకు బస్సు కండక్టరు యూనిఫాంలోనే కొడుకు కోసం పరిగెత్తుకొచ్చింది. పనులకెళ్లే తల్లుల పిల్లల్ని తన ఇంట్లో చూసుకునే పెద్దావిడ గుమ్మం లోపలే నిలబడిపోయింది.

"అక్కడే ఆగమ్మాయ్, దగ్గరికి రాకు. వాణ్ణి లేపి పంపిస్తా."

"ఏమైంది పిన్నిగారూ? ఫోన్లో ఒళ్లు వెచ్చగా ఉందన్నారంతే."

"వెచ్చగా కాదు, కాలిపోతోంది. పొద్దున ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు."

"బాగానే అంటే?"

"అంటే... బాగానే. పాలు తాగలేదు. అది రోజూ ఉండే మారామేగా."

"మందేమైనా పట్టావా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"పదకొండింటి దాకా చల్లగా ఉన్నాడు. తర్వాత ఒక్కసారిగా పేలిపోయింది ఒళ్లు. పొద్దున్నే పట్టిన సిరప్పు ఎప్పుడు దిగిపోతుందో నాకు తెలీదా?"

"...ఒక్క మూత. ఒక్క మూతే."

"ఇవాళేనా?"

"నిన్న కూడా."

"నిన్న కూడా."

"ఏం చెయ్యమంటారు? ఉన్న సెలవులు అయిపోయాయి. ఇంకొక్కటి పెడితే డ్యూటీలోంచి తీసేస్తానన్నాడు డిపో మేనేజరు. మా అత్తగారికి చూపు ఆనదు. ఆయన లారీతో వెళ్తే వారానికి గానీ రాడు. వీణ్ణెక్కడ పెట్టను?"

"నిన్నేం అనట్లేదు."

"అనండి పోనీ."

"ఓపిక లేదమ్మాయ్. పొద్దుట్నుంచీ ఒక్కో తల్లికీ చేస్తూ వస్తే నీది తొమ్మిదో ఫోను. డాక్టరమ్మ వచ్చి అందరి గొంతుల్లోనూ దూదిపుల్ల పెట్టి చూసింది. బాక్టీరియాట. ఒకడు దగ్గినా, చప్పరించిన బొమ్మ ఇంకొకడి నోట్లోకెళ్లినా చాలట. బొమ్మలన్నీ బకెట్లో నానేశాను."

"ఎవరెవరికి?"

"కవలలకి, గుండుగాడికి... బొద్దుపిల్ల ఆస్పత్రిలో ఉంది."

"ఆస్పత్రిలోనా?"

"మొన్నట్నుంచీ గుటక పడట్లేదు. ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు. సెలైన్ పెట్టారు."

"అది మావాడి పక్కనే పడుకుంటుంది కదూ?"

"పక్కనే."

"పిన్నిగారూ, వీడి నుంచే అంటుకుందా దానికి?"

"ముందీ చీటీ తీసుకో. మందు పది రోజులూ వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకు. మొదలెట్టాక ఒక రోజంతా గడిస్తే గానీ వేరే పిల్లల్లో కలపకూడదట..."

"అడిగింది చెప్పండి."

"దానికి మొన్నొచ్చింది. నీవాడికి నిన్న. వీడి నుంచి కాదు."

"మరెవరు తెచ్చారు? ఆ కవలల తల్లేనా? ముక్కులు కారుతున్నా దింపేసి తిరిగి చూడకుండా పోతుంది."

"ఆవిణ్ణేం అనకు."

"ఎందుకనకూడదు? ఎవరో ఒకరు దాచిపెట్టే ఉంటారు, నాలాగే."

"దాచారు."

"ఎవరు?"

"ముందు వాణ్ణి ఇంటికి తీసుకెళ్లమ్మాయ్."

"చెప్పండి పిన్నిగారూ. నేను పోట్లాడను. అంత ఓపిక నాకూ లేదు."

"వారం నుంచీ ఉమ్మి మింగితే గొంతులో గాజుపెంకులు గుచ్చుకున్నట్టుంది. తలుపులు మూసేస్తే మీరంతా ఏమైపోతారని ఉప్పునీళ్లు పుక్కిలించుకుంటూ నెట్టుకొచ్చాను. బొద్దుపిల్లకి తినిపించేటప్పుడు వేడి చూద్దామని ఆ చెంచానే నోట్లో పెట్టుకునేదాన్నమ్మాయ్, రోజూ."