మొగోళ్ల నెత్తి మీద మేకలు

మెట్‌పల్లి దగ్గరి ఒక ఊరి చర్చి. శనివారం, పొద్దెక్కింది. ముందు గోడకు నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద, కొసకు గోరింటాకు పెట్టిన తెల్ల గడ్డంతో పెయింటర్ జలాలుద్దీన్; కింద సంఘం కార్యదర్శి పౌలు.

“దిగు భాయ్, దిగు. కుంచె ఆడ పెట్టి జర కిందికి దిగు.”

“ఇంక ఒక్క మేకకు తోక పెట్టేదున్నది పౌలన్న. పెట్టి దిగుత.”

“గా మేకల గురించే మాట్లాడేది. దిగు.”

“నిన్నటిదాక మంచిగనే ఉండె గద? పాస్టరమ్మ ఫోటో తీసి గ్రూపుల సుత పెట్టింది.”

“నిన్న నిలబడి సూసిన. ఇయ్యాల కూసొని సూసిన.”

“కూసుంటే ఏమైంది?”

“నా బెంచి మీద కూసున్న. తల లేపిన. మేక.”

“తీర్పు దినం బొమ్మ గియ్యమన్నది మీ కమిటీ. గొర్రెలు మేకలు రెండు ఉండాలన్నది మీ కమిటీ. ఇప్పుడు మేకలెందుకున్నయంటే నేనేం చెప్పాలె?”

“ఉండనియ్, వద్దన్ననా? మొగోళ్ల దిక్కు ఎందుకున్నయ్ అంటున్న.”

“ఏంది?”

“ఏంది అంటవేంది! మా దాంట్ల మొగోళ్లు కుడి దిక్కు కూసుంటరు, ఆడోళ్లు ఎడమ దిక్కు. ముప్పై ఏండ్ల సంది సూస్తలేవా? నువ్వు తీస్కపోయి మొగోళ్ల నెత్తి మీద మేకలు పెట్టినవ్, ఆడోళ్ల నెత్తి మీద గొర్రెలు పెట్టినవ్. వాక్యంల ఏమున్నది? స్వర్గానికి పోయే గొర్రెలు కుడి దిక్కు, నరకానికి పోయే మేకలు ఎడమ దిక్కు.”

“ఎవరి కుడి?”

“కుడి అంటే కుడే. గిది.”

“గది నీ కుడి. తీర్పు చెప్పేది నువ్వా, యేసయ్యనా? కుర్సీల కూసున్నది ఆయన. మన దిక్కు తిరిగి కూసున్నడు. ఆయన కుడి చెయ్యి యాడున్నది సూడు. ఆడోళ్ల దిక్కున్నది.”

“గట్లెట్ల?”

“గట్లనే. కావాలంటే ఆయననే గోడ దిక్కు తిప్పుత. మీకు వీపు కనవడతది. అప్పుడు గొర్రెలు బరాబర్ మొగోళ్లయే.”

“ఎగతాళా?”

“నేనేడ జేస్తున్న! దునియల ఈ బొమ్మ గీసినోళ్లంత ఆయన కుడి సూసే గీసిండ్రట. దీవించే కుడి చెయ్యి మీదికి, పొమ్మనే ఎడమ చెయ్యి కిందికి. మీ పాస్టరే పుస్తకాలు తెచ్చి సూపెట్టిండు.”

“పాస్టర్‌కేంది, మొన్న వచ్చిండు, వచ్చే ఏడు బదిలీ అయితే పోతడు. మేక కింద కూసునేది నేను. అసలు మొఖం ఉంటే ఎటు జూస్తుండో తెలుస్తుండె. మొఖమే లేకపాయె.”

“మొఖం సంగతి ముందే మాట్లాడుకున్నం. మీ యేసయ్య మాకు ఈసా నబీ, ప్రవక్త; ప్రవక్తల మొఖం నేను గియ్య. మా మసీదుల సుత ఒక కమిటీ ఉన్నది, మీ కమిటీ దాని ముంగట ఎందుకు పనికిరాదు. అందుకే మొఖం జాగల వెలుగు పెట్టిన. మీ పాస్టర్ దాన్ని సూసి ‘మహిమ, మహిమ’ అని అర్ధగంట ప్రసంగం చేసిండు. నేను తప్పించుకున్న జాగల గంత అర్థం ఉన్నదని నాకే తెల్వదు.”

“గొర్రెలు సుత గొర్రెల తీరు లేవు.”

“పుస్తకంలది తెల్ల గొర్రె, పత్తి మూట లెక్క. మొదలు గదే గీసిన. పోరగాండ్లు కుక్కపిల్ల కుక్కపిల్ల అన్నరు. తుడిపేసి మన దిక్కు గొర్రెను గీసిన. గది సుత తప్పేనా?”

“తప్పు అంటలేను. దిక్కు మార్చమంటున్న.”

“అట్లయితే అల్కటి పని చెప్త. గోడ ఉండనియ్, మనుషులను మార్చు. ఆడోళ్లను ఇటు, మొగోళ్లను అటు కూసోబెట్టు.”

“సమ్మక్కను నువ్వు అడుగు.”

“నీ పెండ్లాన్ని నేనెందుకు అడగాలె?”

“నేను అడిగిననయ్యా. ఆడోళ్ల సంఘానికి ప్రెసిడెంటాయె! ‘మమ్ములను ఇటు కూసోమన్ననాడు గోడ మీద ఉత్త సున్నమే ఉండె. మేం కిక్కురుమనలే. ఇప్పుడు గొర్రెలొచ్చినయని లేవమంటే లేస్తమా’ అన్నది.”

“సక్కగనే చెప్పింది.”

“సక్కగనే చెప్పిందా? అయితే నేను సుత సక్కగ చెప్త, విను. వెంకటి తోని ఫ్లెక్స్ కొట్టిచ్చిన. సిలువ, పావురం, ఎన్క పొద్దు పొడుస్తుంటది. మాపటికల్ల తెచ్చి గీ గోడకు కడుతడు. రేపు ప్రతిష్ఠకు పెద్దోళ్లొస్తరు. మేకలు కనవడద్దు.”

“ఫ్లెక్స్.”

“మస్తుగుంటది, రంగులు.”

“గా ఫ్లెక్సే గద అన్న నా కూడు గుంజుకున్నది. బస్టాండ్ రోడ్డు మీద నేను రాసిన బోర్డు ఒక్కటన్న మిగిలిందా? ఒక్కటి లేదు. నా చేతిదని సూపెట్టుకునేటందుకు గీ గోడొక్కటే ఉన్నది. నలభై రోజులు నిచ్చెన మీదున్న, మోకాళ్లు పోయినయ్. దీని మీద సుత గదే కడుతవా?”

“మనసుకు తీసుకోకు. ఉపాయం ఉన్నది. గదొక్కటి చేస్తే ఫ్లెక్స్ వద్దంట.”

“ఏంది?”

“ఒక్కటే. నా బెంచి మీదిది. దాన్ని గొర్రెను చెయ్.”

“మేకల నడుమ గొర్రెనా?”

“ఎవరు సూస్తరు? మన గొర్రెకు మేకకు ఫరకేమున్నది? తోకే ఫరకు. మేకకు మీదికుంటది, గొర్రెకు కిందికుంటది. దానికి ఇంక తోక పెట్టనే లేదు నువ్వు. కిందికి గుంజు. ఒక్కసారి కుంచె ఆడిస్తే అయిపాయె.”

“ఒక్క కుంచెకు స్వర్గం. మా దాంట్ల గింత అల్కగ దొరకదు.”

“జలాల్ భాయ్.”

“నీకు మొగోళ్ల ఫికర్ ఏం లేదు పౌలన్న. బుచ్చిరాములు సుత మేక కిందనే కూసుంటడు. పొద్దుగాల సూసి నవ్విపోయిండు. నువ్వే ఎందుకు పరేషాన్ అయితున్నవ్?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటే తోక మీదికే పెడుత.”

“ఆగు. ఆగయ్యా. రేపు క్యాథరిన్ వస్తుంది.”

“మన క్యాథరినా?”

“మన క్యాథరినే. సమ్మక్క పిలిచింది. ‘బిడ్డ జైనూర్ నుంచి వస్తది, నా పక్కన కూసుంటది, నువ్వేమన్న అంటే ఇద్దరం లేచిపోతం’ అన్నది. నాలుగేండ్లాయె దాని మొఖం సూడక.”

“మంచిదే గద.”

“ఏం మంచిది? బిడ్డ గొర్రెల కింద, బాపు మేక కింద. ఊరంత ఓసారి గోడను సూస్తది, ఓసారి నన్ను సూస్తది. కింద పెద్దక్షరాలల్ల రాసినవ్ సుత. తలుపు కొట్టిన పరాయోన్ని లోపటికి పిలిచినోళ్లు గొర్రెలు, పిలవనోళ్లు మేకలని.”

“పాస్టర్ రాయమన్నది రాసిన.”

“మేకను నా నెత్తి మీద పెట్టుమన్నది సుత పాస్టరేనా? నువ్వు కావాలని పెట్టినవ్. గది నేనే. నాకు సమజ్ కాదనుకున్నవా?”

“నువ్వే అని ఎందుకనుకుంటున్నవ్?”

“క్యాథరిన్, గా పోరడు నన్ను అడగకుంట పెండ్లి చేసుకున్నరు. గా వానల ఇద్దరు వచ్చి తలుపు కొట్టిండ్రు. ‘బాపూ’ అన్నది. తియ్యలే. సమ్మక్కను సుత తియ్యనియ్యలే. కానీ నేనేం రాయిని గాదు భాయ్. రెండిండ్ల అవుతల నీ ఇల్లున్నది. చిన్నప్పుడు నీ ఇంట్లనే తిన్నది, నీ ఇంట్లనే పండుకున్నది. నేను తియ్యకుంటే జలాల్ తీస్తడు అనుకున్న. గా ధైర్యం తోనే లోపట కూసున్న. నువ్వు తీసినోనివి, నన్ను మేకను చేసే హక్కు నీకున్నది. కాదంటలేను. రేపొక్కనాడు ఇజ్జత్ కాపాడు. తోక కిందికి గుంజు.”

“నేను తీసిననని ఎవరు చెప్పిండ్రు?”

“ఒకరు చెప్పాల్నా? నీ సంగతి నాకు తెల్వదా?”

“నాలుగేండ్ల సంది ఒక్కసారి సుత అడగలేవు నన్ను.”

“అడిగితే నువ్వు ‘తీసిన, అన్నం పెట్టిన’ అంటవ్. నా మొఖం యాడ పెట్టుకోవాలె?”

“ఇటు రా. నిచ్చెన ఎక్కు.”

“నేనా?”

“రెండు మెట్లెక్కు సాలు. నేను పట్టుకుంట. గా మేకను దగ్గర నుంచి సూడు.”

“సూసిన. మేక.”

“మూతి కింద సూడు.”

“గడ్డం. మేకకు గడ్డం ఉండదా?”

“తక్కిన వాటికున్నదా?”

“లేదు. దీనికే ఉన్నది. తెల్లగ… కొసకు ఎర్రగ. మెహందీ పెట్టినట్లు…”

“నీకు గడ్డం ఎన్నడన్న ఉండెనా పౌలన్న?”

“జలాల్.”

“నా తలుపు సుత కొట్టింది. ‘చాచా’ అన్నది. ‘చాచా, నానుతున్నం’ అన్నది. తీస్తే నీకు కోపమొస్తది, జలాలే దగ్గరుండి చేసిండు గీ పెండ్లి అని ఊరంత అంటది. లైటు బంద్ చేసిన. నేను సుత తియ్యలే పౌలన్న.”

“మరి గా వానల యాడికి పోయిండ్రు?”

“నాకు తెల్వదు.”

“నువ్వు సుత…”

“నీ బెంచి మీద పెట్టింది నువ్వు రోజు సూడాలని. సూసి, ఒక్కనాడన్న నన్ను అడుగుతవని.”

“నిచ్చెన గట్టిగ పట్టుకో, దిగుత. వెంకటికి ఫోన్ చెయ్యాలె. ఫ్లెక్స్ వద్దంట.”

“మరి తోక?”

“మీదికే గుంజు. గుంజి, రేపు నువ్వు సుత రా. నా బెంచి మీద ఇద్దరికి జాగ ఉన్నది. బిడ్డను మనిద్దర్ని ఒక్క మేక కిందనే సూడనీ.”