డాక్టరు రెండుసార్లడిగిన మాట

ఏంది వదినె, నువ్వు గూడ మొదలుపెట్టినవా? పీటేస్తవ్, నీళ్లిస్తవ్, "కూసో నాగమ్మా" అంటవ్! పద్నాలుగేండ్ల సంది నన్ను చూస్తే తలుపు దబ్బున మూసినదానివి. కడుపుల లేని ప్రేమ కావలించుకుంటే వస్తదా? మా అన్న చెప్పిండు గదా నీకు? "గిరిజా, నా చెల్లె తలకాయల నరం ఉబ్బింది, దానికి కోపం తెప్పియ్యకు" అన్నడు గదా? ఆఁ, తల ఊపుతున్నవ్. ఎరికే నాకు.

అందరు గంతే. నేను కూరల ఉప్పెయ్య మరిస్తే మా ఆయన మస్తుగున్నదని తింటుండు. ఎండ పెటపెట కొడుతుంటే మబ్బు పట్టిందన్న, కావాలనే అన్న. కోడలు "అవునత్తమ్మా" అని ఆరేసిన బట్టలు తెచ్చింది! కూరగాయల నర్సమ్మ బేరం నీకెరుక గదా, పైస కాడ ప్రాణం తీస్తది. మొన్న నేనెంత అంటే గంతకే తూచి పోయింది. ఇంటెన్క పోయి ఒక్కదాన్ని ఏడ్చిన వదినె. ఇంట్ల నలుగురున్నరు, నాతోని మాట్లాడెటోళ్లు ఒక్కలు లేరు.

లే, లే, కోపం రాలే నాకు. నువ్వు కూసో ముందు.

బస్టాండుల జారి పడుడే దీనికంతటికి మొదలు. దెబ్బ పెద్దది గాదు. హైద్రాబాద్ దవాఖానల తలకాయ ఫోటో తీసిన్రు, తొడల సూదేసి మందెక్కించి మళ్ల తీసిన్రు. "సైకిల్ ట్యూబుకు బుగ్గ లేస్తది చూడు, గట్ల నీ నరం ఒక్కకాడ ఉబ్బింది, కందిగింజంత" అన్నడు డాక్టరు. పగిలితే మనిషి దక్కుడు కష్టమంట. పగలకుంటే ఏం కాదంట. మరి పగులుతదా పగలదా సారూ అంటే నవ్విండు. నవ్వడా మరి, తలకాయ నాది గదా!

ఇగ ఒక్కొక్కటి అడుగవట్టిండు. బీడీ తాగుతవా? ఛీ. బీపీ ఉన్నదా? జర ఉన్నది. మీ ఇంట్ల ఎవరన్న తలకాయ పట్టుకొని ఉన్నట్టుండి కూలి పోయిన్రా?

గీ మాట రెండుసార్లడిగిండు. "మంచిగ యాది చేస్కో అమ్మా. ఎవ్వరు లేకుంటే గోలీలు మింగుకుంట ఉండొచ్చు. తల కోసుట్ల గూడ ప్రాణం పోవచ్చు గాబట్టి కొయ్యం. కన్నతల్లికో తోడవుట్టినోళ్లకో అయ్యుంటే మాత్రం వదిలిపెట్టద్దు, ఆపరేషన్ చెయ్యాలె" అన్నడు.

నేనేం చెప్పిననంటవ్?

అట్ల చూడకు. చెప్త.

డెబ్బై రెండు కరువు. నేను అత్తగారింటి నుంచి ఉరికొచ్చేసరికి అమ్మ పానం పోయింది, గోడకు కూసోబెట్టి ఇభూతి పెట్టిన్రు. నువ్వు నా కాడికొచ్చి "నాగమ్మా, అత్త తలకాయ పట్టుకొని..." అన్నవ్. నీ మాట అయిపోనిచ్చిననా? పిడికెడు మన్ను నీ మొఖాన కొట్టిన. "కడుపు మాడ్చి చంపి రోగాలు చెప్తవా!" అన్న. అమ్మ చేతులు పుల్లలోలె ఉండె మరి. నీ చేతులు గూడ గట్లనే ఉండె. నేను చూడలే. చూసిన గని, చూడనట్టే ఉన్న.

ఆనాటి సంది పెండ్లిళ్ల కాడ గదే మాట, బోరింగు కాడ గదే మాట. నీ పిల్లల ముంగట గూడ అన్న. మీ అమ్మ మా అమ్మను చంపిందని అన్న. చిన్నపిల్లలు వదినె వాళ్లు, నోరు తెరుచుకొని నిలబడ్డరు.

డాక్టరు అడిగినప్పుడు పక్కన మా ఆయన ఉన్నడు. మాట నోటిదాక వచ్చింది. "మా అమ్మ" అననే అన్న. గంతల ఆలోచన వచ్చింది, ఇది చెప్తే పద్నాలుగేండ్ల సంది నేనన్నదంత అబద్ధమైతది గదా అని. నరం పగులుతదన్న భయం కంటే గా భయమే ఎక్కువైంది. "మా అమ్మ కరువుల తిండి లేక పోయింది సారూ, గసొంటి రోగం ఎవ్వరికి లేదు" అన్న. రాసుకున్నడు. ఆపరేషన్ వద్దన్నడు. మా ఆయన ఖుషీ పట్టలేక దూద్ పేడాలు కొన్నడు. నా నోట్ల ఒకటి పెట్టిండు. మింగిన.

ఇగ అప్పటి సంది తల జర దిమ్మంటే చాలు, గిదే అనుకుంట. పక్కల మనిషి గుర్రుపెడుతుంటడు, నేను రెండు చేతుల్తోని తలకాయ పట్టుకొని పండుకుంట. ఎవ్వరికి చెప్పాలె? నాకు చావాలని లేదు వదినె. మస్తు భయమైతుంది.

సోమారం మళ్ల పోతున్న. అబద్ధం చెప్పిన సారూ అని చెప్త. గని ఆయన ఊకుంటడా? అరిచిందా, కక్కిందా, ఎంతసేపు కొట్టుకున్నది, అన్ని అడుగుతడు. నాకేం ఎరుక? చూసింది నువ్వొక్కదానివే. అన్న గూడ ఆనాడు కరువు పనికాడనే ఉండె.

ఎందుకే ఏడుస్తవ్? నా బీపీ ఫికర్ జెయ్యకు. నువ్వేమన్న సరే, తిట్టినా సరే, దాసకు.

అమ్మ ఎట్ల పోయిందో ఊరందరికి చెప్పిన. నిన్ను ఒక్కనాడు అడగలే.

చెప్పు వదినె. మా అమ్మ ఎట్ల పోయింది?