మాజీ అయిన మధ్యాహ్నం

ఓట్ల లెక్కింపు కేంద్రం వెనక గేటు దగ్గర ఆమె ట్రాక్టరు మీద కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎమ్మెల్యేగా ఉన్న ఆమె భర్త, మెడలో కండువా తీసి చేత్తో పట్టుకుని, పరుగులాంటి నడకతో బయటికి వచ్చాడు.

“ఏమైందండీ?”

“ఓడిపోయానే!”

“నిజంగా? నా మీద ఒట్టెయ్యండి.”

“నీ మీదొట్టు. తొమ్మిది వందల ఓట్ల తేడా.”

“అమ్మయ్య! అంత గట్టిగా నవ్వకండి, లోపల మనవాళ్ళు ఏడుస్తున్నారు.”

“ఏడవనీ. ఈసారి నిలబడనంటే విన్నారా? కాలవ తెస్తానని గెలిచాను, తెచ్చాను. ఆ నీళ్ళు మన చేలో పారుతుంటే ఒక్కరోజైనా చూశానా?”

“నేను చూశాను లెండి. పగలు చేలో నీళ్ళని, సాయంత్రం టీవీలో, అసెంబ్లీలో మీ కునికిపాట్లని.”

“ఇవాళ నేనూ చూస్తాను. జరుగు, బండి నేను నడుపుతా.”

“ఇన్నేళ్ళూ కారు వెనక సీట్లోనే కూర్చున్నారు. క్లచ్చెక్కడుందో గుర్తుందా?”

“ఎడం కాలి కింద... కాదూ?”

“అదే. మెల్లిగా వదలండి. అయ్యో, మెల్లిగా అన్నానా! గేటు వంగిపోయింది!”

“ఎవరైనా చూశారా?”

“అందరూ చూశారు!”

“చూడనీవే! ఇక వాళ్ళెవరూ నాకు ఓటెయ్యక్కర్లేదుగా!”